కర్టిస్ బ్లో మొదటి ఆల్బమ్ (1980): బ్యాండ్ పాతదైపోయింది, గొంతు మాత్రం కాలేదు

పాత హిప్ హాప్ ఎక్కడి నుంచి వినడం మొదలుపెట్టాలి అని ఎవరైనా అడిగితే చాలామంది రన్ డీఎంసీ పేరు చెప్తారు, ఇంకాస్త వెనక్కి వెళ్ళేవాళ్ళు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ దగ్గర ఆగుతారు. కర్టిస్ బ్లో పేరు వచ్చేసరికి మాత్రం "ఆ, పెద్ద కంపెనీతో సైన్ చేసిన ఫస్ట్ ర్యాపర్ కదా" అని ఒక్క ముక్క చెప్పేసి పక్కకి వెళ్ళిపోతారు, అదేదో జనరల్ నాలెడ్జ్ బిట్టు అన్నట్టు. నాకది మింగుడు పడదు. ఏ కాగితం మీద సంతకం పెట్టాడో అందరికీ గుర్తుంది, మైక్ ముందు నిలబడి ఏం చేశాడో ఎవరూ మాట్లాడరు. అందుకే ఈ ఆల్బమ్ గురించి కాస్త తీరిగ్గా రాస్తున్నా.

1980లో మెర్క్యురీ అనే పెద్ద రికార్డు కంపెనీ వాళ్ళు వేసిన ఎల్పీ (పెద్ద సైజు రికార్డు) ఇది, ఆల్బమ్ పేరు కూడా కర్టిస్ బ్లో అనే. ఏడే పాటలు. ఒక మేజర్ లేబుల్ నుంచి వచ్చిన మొట్టమొదటి ర్యాప్ ఆల్బమ్ ఇదే. ముందే చెప్పేస్తా, ఏడూ గొప్పవి కావు. మూడు పాటలు మాత్రం ఇప్పటికీ కుర్చీలో కూర్చోనివ్వవు, రెండు బాగానే ఉంటాయి, రెండు అసలు ఎందుకు పెట్టారా అనిపిస్తాయి. కానీ ఆ రెండు కూడా వినాలి, ఎందుకో కింద చెప్తా.

మనిషి గురించి ముందు కొంచెం. అసలు పేరు కర్టిస్ వాకర్, 1959 ఆగస్ట్ 9న న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పుట్టాడు. హిప్ హాప్ పుట్టినరోజు అని అందరూ చెప్పుకునే బ్రాంక్స్ పార్టీ, అదే సెడ్జ్‌విక్ ఎవెన్యూలో డీజే కూల్ హెర్క్ చేసిన పార్టీ, 1973 ఆగస్ట్ 11న జరిగింది, అంటే అప్పటికి ఇతనికి 14 నిండి రెండు రోజులు. సరిగ్గా ఆ వయసు కుర్రాళ్ళే కదా ఈ మ్యూజిక్‌ని ఎత్తుకున్నది. మొదట బ్రేక్ డాన్స్ చేశాడు, తర్వాత డీజే చేశాడు, ఆ తర్వాతే మైక్ పట్టాడు. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఇతని ర్యాప్‌లో డాన్సర్ బుద్ధి కనిపిస్తుంది, ఎక్కడ ఆగాలి, ఎక్కడ జనాన్ని కదిలించాలి అనేది ఒంటికే తెలుసు అన్నట్టు ఉంటుంది.

ఇంకో విషయం, హార్లెమ్ వేరు, బ్రాంక్స్ వేరు. బ్రాంక్స్‌లో పార్కుల్లో, స్కూల్ జిమ్‌ల్లో పార్టీలు జరిగేవి. హార్లెమ్‌లో డీజే హాలీవుడ్ లాంటివాళ్ళు క్లబ్బుల్లో, నీట్‌గా డ్రెస్ చేసుకొచ్చిన పెద్దవాళ్ళ ముందు, డిస్కో పాటల మీద గుండ్రంగా, స్పష్టంగా, తియ్యగా మాట్లాడేవాళ్ళు. కర్టిస్ ఆ హాలీవుడ్‌ని చూసి నేర్చుకున్నవాడు, ఆ మాట అతనే చాలాసార్లు చెప్పాడు. అందుకే ఇతని ర్యాప్‌లో అరుపు తక్కువ, ఆతిథ్యం ఎక్కువ. పెళ్ళి ఇంటి గుమ్మం దగ్గర నిలబడి వచ్చిన ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి లోపలికి పిలిచే పెద్దమనిషి ఉంటాడు చూడండి, సరిగ్గా అలాంటి గొంతు. అప్పటికి వయసు ఇరవై, ఇరవై ఒకటి అంతే, కానీ గొంతు వింటే ఆ వయసు అని అనుకోలేం.

సిటీ కాలేజ్‌లో చదువుతున్నప్పుడు రస్సెల్ సిమన్స్ పరిచయం అయ్యాడు. ఇద్దరూ కలిసి పార్టీలు పెట్టారు, కర్టిస్ బ్లో అనే పేరు అప్పుడే వచ్చింది, హార్లెమ్ కుర్రాడిని పట్టుకుని, న్యూయార్క్‌లో ఇంకో పక్కనున్న క్వీన్స్ నంబర్ వన్ ర్యాపర్ అని పోస్టర్లు వేశాడు రస్సెల్. రస్సెల్ తమ్ముడు జోసెఫ్ అప్పటికి ఇంకా చిన్న పిల్లాడు, అతన్ని కర్టిస్ దగ్గర డీజేగా పెట్టి "సన్ ఆఫ్ కర్టిస్ బ్లో" అని పిలిచేవాళ్ళు. ఆ పిల్లాడే తర్వాత రన్ డీఎంసీలో రన్ అయ్యాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ చేసిన ర్యాప్ పాట ర్యాపర్స్ డిలైట్ రేడియోల్లో దుమ్ము లేపింది. అదే టైమ్‌లో బిల్‌బోర్డ్ అనే మ్యూజిక్ మ్యాగజీన్‌లో పనిచేసే ఇద్దరు, రాబర్ట్ ఫోర్డ్, జె.బి. మూర్, ఒక క్రిస్మస్ ర్యాప్ రికార్డు చేద్దాం అని దిగారు. ఫోర్డ్ అంటే అల్లాటప్పా మనిషి కాదు, 1978లోనే బ్రాంక్స్‌లో కుర్రాళ్ళు పాత రికార్డుల్లో బ్రేకుల కోసం, అంటే డ్రమ్స్ మాత్రమే మిగిలే ముక్కల కోసం, ఎలా వెతుక్కుంటున్నారో బిల్‌బోర్డ్‌లో రాశాడు, హెర్క్ పేరు ఆ పత్రికలోకి ఎక్కించాడు. క్రిస్మస్ పాట అయితే ప్రతి ఏడాదీ మళ్ళీ అమ్ముడవుతుంది అనే లెక్క కూడా ఉంది. అలా పుట్టిందే క్రిస్మస్ ర్యాపిన్. లేబుళ్ళు వరసగా వద్దన్నాక మెర్క్యురీ తీసుకుంది. ఆ పాట మొదట్లో అందరికీ తెలిసిన పాత క్రిస్మస్ పద్యం గంభీరంగా మొదలవుతుంది, వెంటనే కర్టిస్ మధ్యలో దూరి ఆపు ఆపు అంటాడు. ఆ ఆపమనే ముక్కనే 1986లో బీస్టీ బాయ్స్ అనే ర్యాప్ గ్రూపు వాళ్ళు కట్ చేసి తమ పాటలో వాడుకున్నారు. అంత చిన్న ముక్కలో కూడా అంత క్యారెక్టర్ ఉంది మరి.

ఇప్పుడు ఆల్బమ్.

మొదటి పాట ర్యాపిన్ బ్లో పార్ట్ టూ. పార్ట్ వన్ ఏదీ అని వెతక్కండి, ఇది క్రిస్మస్ ర్యాపిన్ రెండో సగమే, పండగ ముచ్చట్లు అయిపోయాక వచ్చే పార్టీ భాగం. బేస్ గిటార్ ఒక్కటి వినండి చాలు. ఆ బేస్ వాయించింది ల్యారీ స్మిత్. షీక్ అనే డిస్కో బ్యాండ్ వాళ్ళ గుడ్ టైమ్స్ పాట గాలి తగిలిన బేస్ లైనే, ఆ ఏడాది అందరికీ తగిలింది, తప్పేం లేదు. కానీ ల్యారీ స్మిత్ దాన్ని కాస్త బరువుగా, నేల మీద ఆనిచ్చి వాయిస్తాడు. దాని మీద కర్టిస్ తొందర లేకుండా నడుస్తాడు. నాకు ఇందులో నచ్చేది అతను పదం చివర్లని మింగేయకపోవడం. ప్రతి అక్షరం వినపడుతుంది, అమెరికన్ ఇంగ్లీషు యాస అలవాటు లేనివాళ్ళకి కూడా మొదటిసారే సగం పైన అర్థమవుతుంది, పాత ర్యాప్ కొత్తగా వినేవాళ్ళకి ఇది చిన్న సౌకర్యం కాదు.

రెండోది ది బ్రేక్స్. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఏడు నిమిషాలు దాటుతుంది, ఒక్క నిమిషం కూడా తీసేయాలనిపించదు. బాగా అమ్ముడైన రికార్డులకి ఇచ్చే గోల్డ్ సర్టిఫికెట్ వచ్చిన మొదటి ర్యాప్ పాట ఇది, పన్నెండు ఇంచుల సింగిల్స్‌లో (ఒక్క పాట కోసమే వేసే పెద్ద సైజు రికార్డులు) గోల్డ్ వచ్చిన రెండో రికార్డు కూడా. నల్లజాతి శ్రోతలు వినే మ్యూజిక్‌కి పెట్టిన బిల్‌బోర్డ్ ఆర్ అండ్ బీ చార్ట్‌లో 4వ స్థానం దాకా వెళ్ళింది, అన్ని రకాల పాటలూ కలిసే హాట్ 100లో మాత్రం 87 దగ్గరే ఆగిపోయింది. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే అప్పటి అమెరికా రేడియో ఎవరికోసం ఏది వేసేదో తెలిసిపోతుంది.

పాటలో విషయం ఏంటంటే, జీవితంలో తగిలే దెబ్బలన్నీ ఒక్కొక్కటీ లెక్కపెడుతూ పోతాడు. పెళ్ళాం ఇంకొకడితో జపాన్ వెళ్ళిపోయింది, ట్యాక్స్ వాళ్ళు మాట్లాడాలి రమ్మంటున్నారు, బ్రెజిల్‌కి ఎవరో చేసిన కాల్స్ అన్నీ కలిపి ఫోన్ బిల్లు ఇంటికొచ్చింది. ప్రతి దెబ్బకీ వెనకాల జనం దట్స్ ది బ్రేక్స్, అంటే అంతే కదా మరి, అని అరుస్తారు. ఏడుపు పాట అవ్వాల్సిన సరుకు మొత్తం తీసుకొచ్చి డాన్స్ ఫ్లోర్ మీద పోశాడు. హార్లెమ్‌లో 1980లో ఫోన్ బిల్లు, ట్యాక్స్ నోటీసు అంటే ఊరికే నవ్వుకునే విషయాలు కావు, నిజంగా ఇల్లు గడవని రోజులు. అందరి ఇంట్లో ఉన్న భయాన్ని అందరూ కలిసి ఒకేసారి బయటికి అరిచేస్తే వచ్చే తేలిక ఉంటుందే, అది ఈ పాటలో దొరుకుతుంది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక పని చేయండి. అతను బ్రేక్ డౌన్ అని కేక వేసే చోటు కోసం వెయిట్ చేయండి. కేక పడగానే గిటార్ పోతుంది, కీబోర్డ్ పోతుంది, డ్రమ్స్, టింబాలీలు (లాటిన్ మ్యూజిక్‌లో వాడే చిన్న డోళ్ళు), చప్పట్లు మిగులుతాయి. టింబాలీ దెబ్బ చెవి పక్కన పడ్డట్టు ఉంటుంది. కాసేపటికి బ్యాండ్ మళ్ళీ లోపలికొస్తుంది, మళ్ళీ కేక, మళ్ళీ ఖాళీ. ఏం జరుగుతోందో ఆలోచిస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. హెర్క్ లాంటి డీజేలు ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకుని, డ్రమ్స్ మాత్రమే వచ్చే కొన్ని సెకన్ల ముక్కని అటూ ఇటూ తిప్పుతూ నిమిషాల తరబడి లాగేవాళ్ళు. స్టూడియోలో అప్పటికి శాంప్లర్లు, అంటే రికార్డులోంచి ముక్క తీసుకుని మళ్ళీ మళ్ళీ వాయించే మెషిన్లు, చేతికి రాలేదు, ఇంకొకరి రికార్డు అలా వాడుకునే అలవాటూ లేదు. అందుకని పేరున్న స్టూడియో వాయిద్యగాళ్ళని కూర్చోబెట్టి, చేతులతో, ఆ డీజే చేసే పనిని వాయించమన్నారు. మెషిన్ కాదు, ప్రతి బ్రేకూ మనుషులు ఆగి, మనుషులే మళ్ళీ మొదలుపెడుతున్నారు. ఆ ఆగడంలో ఉండే చిన్న ఊగు మెషిన్‌కి రాదు.

ఈ పాట సింగిల్‌గా వచ్చినప్పుడు రెండో వైపు గొంతు లేకుండా ఒట్టి మ్యూజిక్ వేశారు, దానికి డూ ఇట్ యువర్‌సెల్ఫ్ అని పేరు పెట్టారు. అంటే మైక్ నీదే, నువ్వే పాడుకో అని. ఆ రోజుల్లో రికార్డు కొనుక్కున్న ప్రతి కుర్రాడి చేతిలోకీ ఒక ఫుల్ బ్యాండ్ వచ్చి పడినట్టే కదా. ఇంత మంచి ఆలోచన ఎవరిదో గానీ వాళ్ళకి దండం పెట్టాలి.

హార్డ్ టైమ్స్ దగ్గరికి వద్దాం. అసలు నేను ఈ రివ్యూ రాయడానికి సగం కారణం ఈ పాటే. ర్యాప్‌లో సమాజం గురించి మొదట మాట్లాడింది 1982లో వచ్చిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ గ్రూపు పాట ది మెసేజ్ అని అందరూ రాసేస్తారు. ది మెసేజ్ గొప్ప పాట, అందులో డౌట్ లేదు, దాని ముందు ఏదీ నిలబడదు. కానీ దానికి రెండేళ్ళ ముందే కర్టిస్ బ్లో పార్టీ ఆల్బమ్ మధ్యలో ఈ పాట పెట్టాడు. ధరలు పైకి పోతున్నాయి, జేబు కిందికి పోతోంది, కష్టకాలం ఒకరి నుంచి ఒకరికి జ్వరంలా అంటుకుంటోంది, నిలదొక్కుకోండి అని. 1980లో అమెరికాలో ఒక్క ఏడాదిలో ధరలు 13 శాతం పైన పెరిగాయి, న్యూయార్క్ సిటీ అయితే 1975లో దివాలా అంచుదాకా వెళ్ళి ఇంకా కోలుకోలేదు, ఆ దెబ్బ ముందుగా తగిలింది హార్లెమ్, బ్రాంక్స్ లాంటి పేటలకే. ఆ టైమ్‌లో ఒక పెద్ద కంపెనీ డబ్బుతో తీసిన మొదటి ర్యాప్ ఆల్బమ్‌లోనే ఈ మాటలు ఉన్నాయంటే దాన్ని ఊరికే పార్టీ రికార్డు అని పక్కన పెట్టడం అన్యాయం.

ఇదే పాటని 1983లో రన్ డీఎంసీ మళ్ళీ చేశారు, 1984లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ మొదలయ్యేదే దీంతో. రెండూ వెనకవెనకే పెట్టుకుని వినండి, హిప్ హాప్ మూడేళ్ళలో ఎంత దూరం వచ్చిందో చెవికే తెలుస్తుంది. కర్టిస్ వెర్షన్‌లో బ్యాండ్ ఉంది, నిండుగా ఉంటుంది, కష్టాల గురించి చెప్తున్నా కాలు ఆడుతూనే ఉంటుంది. రన్ డీఎంసీ వెర్షన్‌లో అంతా ఊడ్చేశారు, డ్రమ్ మెషిన్ దెబ్బ, దాని మీద ఇద్దరు అరుపు, అంతే. నిజం చెప్పాలంటే ఆ రెండోదే గట్టిగా తగులుతుంది, పాట విషయానికి ఆ ఎండిపోయిన సౌండే కరెక్ట్. మరి అలా ఊడ్చేసింది ఎవరు? రస్సెల్ సిమన్స్‌తో కలిసి ఆ ఆల్బమ్ ప్రొడ్యూస్ చేసిన ల్యారీ స్మిత్. అంటే కర్టిస్ మొదటి రికార్డులో ఆ నిండు బేస్ వాయించిన మనిషే, తర్వాత బేస్ గిటార్ కూడా వద్దని పక్కన పెట్టి, కర్టిస్ దగ్గర డీజేగా తిరిగిన పిల్లాడి గొంతుతో, కర్టిస్ పాటనే తీసుకుని, కర్టిస్ స్టైల్‌ని పాతది చేసేశాడు. ఇందులో ఎవరి మోసం లేదు, ద్రోహం లేదు, కానీ ఆ ఒక్క ఇంట్లోనే ఇదంతా జరగడం తలుచుకుంటే నాకు మనసు అదోలా అయిపోతుంది.

వే అవుట్ వెస్ట్, త్రూఅవుట్ యువర్ ఇయర్స్ ఈ రెండూ బాగానే ఉంటాయి. మొదటిది కౌబాయ్ సినిమాల వాలకంలో సాగే కథ, తుపాకీ బదులు మైక్ అన్నమాట. ఐడియా సరదాగా ఉంటుంది గానీ నిడివి ఎక్కువైంది. రెండోది కుర్రాళ్ళకి ధైర్యం చెప్పే టైపు, రిథమ్ గిటార్ చక్కగా ఉంటుంది, పని చేసుకుంటూ వినొచ్చు.

ఇక ఎందుకు పెట్టారా అనిపిస్తాయన్న ఆ రెండు పాటలు. ఆల్ ఐ వాంట్ ఇన్ దిస్ వరల్డ్ అనేది స్లో ప్రేమ పాట, ఇందులో కర్టిస్ ర్యాప్ చేయడు, పాడతాడు. పాడటం అతని పని కాదు. గొంతులో అంత నిబ్బరం ఉన్న మనిషి ఇక్కడ నేల దొరకనట్టు తడబడతాడు. టేకిన్ కేర్ ఆఫ్ బిజినెస్ అయితే కెనడా రాక్ బ్యాండ్ బాక్‌మన్ టర్నర్ ఓవర్‌డ్రైవ్ పాట, దాన్ని తీసుకొచ్చి గిటార్లు దట్టించి ఇతనితో చేయించారు. అతుకులు కనిపిస్తూనే ఉంటాయి, గిటార్ ఒక దారి, గొంతు ఒక దారి. అయినా ఇవి రెండూ స్కిప్ చేయొద్దు అంటాను. ఎందుకంటే అప్పటికి ర్యాప్ ఆల్బమ్ అంటే ఎలా ఉండాలో ఎవరికీ తెలీదు, కంపెనీకి అసలే తెలీదు. పన్నెండు ఇంచుల మీద ఒక పాట అయితే సరే, నలభై నిమిషాలు ఒక మనిషి మాట్లాడుతూనే ఉంటే ఎవరు కొంటారు అనే భయం ఆ రెండు పాటల్లో స్పష్టంగా వినిపిస్తుంది. సోల్ అభిమానులకి ఒకటి, రాక్ అభిమానులకి ఒకటి అని పంచిపెట్టారు. పైగా రాక్ గిటార్ మీద ర్యాప్ అనేది తర్వాత 1986లో రన్ డీఎంసీ రాక్ బ్యాండ్ ఏరోస్మిత్‌తో కలిసి చేసినప్పుడు ప్రపంచం మొత్తం ఊగిపోయింది. ఇక్కడ ఆరేళ్ళ ముందే తలుపు కొట్టారు, తెరుచుకోలేదు అంతే.

నాకు ఈ ఆల్బమ్ మీద ఉన్న అసలు కంప్లయింట్ వేరే. ఇందులో డీజే లేడు. టర్న్‌టేబుల్ శబ్దం ఒక్కచోట కూడా లేదు, రికార్డుని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పే గీకుడు (స్క్రాచ్) లేదు, కట్ లేదు. డీజేగా మొదలైన మనిషి ఆల్బమ్‌లో డీజే చెయ్యి వినపడకపోవడం చాలా పెద్ద లోటు. ఆ తప్పు ఇతనొక్కడిదే అని కాదు, అప్పటి ర్యాప్ రికార్డులన్నీ బ్యాండ్‌తోనే తీశారు, టర్న్‌టేబుల్ పనితనం మొత్తం రికార్డులోకి ఎక్కింది 1981లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్‌తోనే. కానీ వినేటప్పుడు ఆ ఖాళీ తెలుస్తుంది. బ్రాంక్స్ పార్టీలో వినపడే మోటుదనం ఇక్కడ దొరకదు, అన్నీ ఇస్త్రీ చేసి మడత పెట్టినట్టు ఉంటాయి. అది కావాలనుకునేవాళ్ళకి ఈ ఆల్బమ్ పెద్దగా ఎక్కదు, ముందే చెప్తున్నా.

స్టేజ్ మీద మాత్రం ఇతను ఏ స్థాయిలో ఉండేవాడో ఒక్క సంగతి చాలు. 1980 సెప్టెంబర్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కమడోర్స్, బాబ్ మార్లీ కలిసి చేసిన షోలకి ముందు స్టేజ్ ఎక్కింది కర్టిస్ బ్లోనే. మార్లీ న్యూయార్క్‌లో చేసిన చివరి కచేరీలు అవి. అంత పెద్ద హాల్లో, వెనక బ్యాండ్ దన్ను లేకుండా, ఒక మైక్, ఒక డీజేతో, ర్యాప్ అంటే ఏంటో సరిగ్గా తెలీని జనం ముందు నిలబడాలి. అదే ఏడాది సోల్ ట్రెయిన్ టీవీ షోలో కనిపించిన మొదటి ర్యాపర్ కూడా అతనే. ఈ ఆల్బమ్ వింటుంటే ఆ ధీమా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది, ఎదుటివాడు నన్ను వింటాడు అనే నమ్మకం ప్రతి లైన్‌లోనూ ఉంటుంది.

దీని తర్వాత వచ్చినవి కూడా క్లుప్తంగా చెప్తా, ఏది కొనాలో తెలుస్తుంది. 1981లో డ్యూస్, 1982లో టఫ్, 1983లో పార్టీ టైమ్, ఈ మూడింటిలో అక్కడక్కడా మంచి పాటలున్నాయి గానీ ఆ మూడేళ్ళలో బయట మ్యూజిక్ చాలా స్పీడ్‌గా మారిపోయింది, ఇతను దాని వెనకాల పరిగెత్తినట్టు ఉంటుంది. పార్టీ టైమ్‌లో వాషింగ్టన్‌లో పుట్టిన గో-గో అనే డాన్స్ మ్యూజిక్‌ని పట్టుకోవడం మాత్రం మంచి చెవి ఉన్నవాడి పని. 1984లో వచ్చిన ఈగో ట్రిప్‌తో మళ్ళీ లేచాడు. అందులో బాస్కెట్‌బాల్ పాట ఉంది, డాక్టర్ జె, మోజెస్ మలోన్, ఇలా ఆటగాళ్ళ పేర్లు వరసగా చెప్పుకుంటూ పోతాడు, ఆట తెలీకపోయినా నోటికి పట్టేస్తుంది. ఏజే స్క్రాచ్ అనే పాట తన డీజే కోసమే చేశాడు, మొదటి ఆల్బమ్‌లో నేను అన్న లోటు ఇక్కడ తీరిపోయింది. ఎయిట్ మిలియన్ స్టోరీస్‌లో రన్ డీఎంసీ వచ్చి కలిశారు, ఒకప్పుడు తన డీజేగా తిరిగిన కుర్రాడు ఇప్పుడు తనకంటే పెద్ద పేరుతో పక్కన నిలబడితే కర్టిస్ కాస్త కూడా ముడుచుకోకుండా చోటిచ్చాడు. ఆ పాటలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

అదే ఏడాది ఫ్యాట్ బాయ్స్ మొదటి ఆల్బమ్ ప్రొడ్యూస్ చేసింది కూడా ఇతనే, నోటితో డ్రమ్స్ వాయించే బీట్‌బాక్స్‌ని రికార్డు మీద అంత ముందుకి తెచ్చిన తొలి ఆల్బమ్స్‌లో అదొకటి. 1985లో అమెరికా అనే ఆల్బమ్‌లో ఇఫ్ ఐ రూల్డ్ ది వరల్డ్ వచ్చింది, అదే ఏడాది క్రష్ గ్రూవ్ సినిమాలోనూ ఉంది. 1996లో నాస్, లారిన్ హిల్ కలిసి దాన్ని మళ్ళీ చేసి ఇంకో తరానికి అందించారు. చాలామంది ఆ కొత్తదే విని అసలుది ఎవరిదో తెలీకుండా ఉండిపోయారు, వాళ్ళందరూ ఒక్కసారి పాతది విని చూడాలి.

1988 తర్వాత కర్టిస్ రికార్డులు ఇంచుమించు ఆగిపోయాయి. ఆయన రేడియోలో పనిచేశారు, తర్వాత దేవుడి వైపు తిరిగి పాస్టర్ అయ్యారు, హిప్ హాప్ చర్చి నడిపారు, బ్రాంక్స్‌లో హిప్ హాప్ మ్యూజియం కోసం ముందుండి తిరిగారు. 2020 చివర్లో గుండె మార్పిడి ఆపరేషన్ జరిగింది, కోలుకుని మళ్ళీ స్టేజ్ ఎక్కారు. ది హిప్ హాప్ నట్‌క్రాకర్ అనే క్రిస్మస్ స్టేజ్ షోకి ఏళ్ళ తరబడి ఎంసీగా, అంటే షో నడిపే వ్యాఖ్యాతగా, చేశారు. క్రిస్మస్ రికార్డుతో మొదలైన మనిషికి అరవై దాటాక కూడా క్రిస్మస్ సీజన్ అంటే పనే.

ఎలా వినాలి అంటే, స్ట్రీమింగ్‌లో ఆల్బమ్ దొరుకుతుంది, సౌండ్ శుభ్రంగానే ఉంటుంది, ఫోన్ స్పీకర్లో మాత్రం వినొద్దు, బేస్ మొత్తం పోతుంది. ది బ్రేక్స్ పాట షార్ట్ వెర్షన్ కాకుండా ఏడు నిమిషాల పైన ఉన్నదే చూసి పెట్టుకోండి, చిన్నదాంట్లో బ్రేకులు కోసేస్తారు, బ్రేకులు లేకపోతే ఆ పాట వినీ ఉపయోగం లేదు. టర్న్‌టేబుల్ ఉన్నవాళ్ళు పాత ఎల్పీ కొనేటప్పుడు మొదటి వైపు గీతలు పడిందేమో లైట్ కింద పెట్టి చూడండి. ది బ్రేక్స్ ఆ వైపే ఉంది, పార్టీల్లో అరిగిపోయేది అదే, రెండో వైపు కొత్తదానిలా మెరుస్తుంటే మోసపోకండి. ఎల్పీ, సింగిల్ రెండిట్లో ఒక్కటే కొనగలను అంటే నేనైతే పన్నెండు ఇంచుల సింగిలే తీసుకోమంటా, రెండో వైపు గొంతు లేని మ్యూజిక్ ఉంటుంది కాబట్టి. ఆల్బమ్‌కి నా రేటింగ్ ఐదుకి మూడున్నర, ది బ్రేక్స్‌కి మాత్రం ఐదుకి ఐదు.